వాటర్‌షెడ్ లెక్కలో గొడ్డు ఎక్కడ? అమ్రాబాద్ పొడ తూర్పు ఆవుల కథ

ఈ ఎపిసోడ్ వాటర్‌షెడ్ గురించి. పేరు వినగానే స్క్రోల్ చేయకండి. మీ ఊరి గుట్ట మీద కందకాలు కనిపిస్తాయి కదా, వాగు మీద చిన్న చిన్న చెక్‌డ్యాములు, చెల్కల్లో రాతి కట్టలు. అవన్నీ దాదాపు ఈ పథకం పనులే. మన పాలమూరు, నల్లగొండల్లో 25, 30 ఏళ్ల నుంచి జరుగుతున్నాయి. కోట్లు ఖర్చయ్యాయి. వాటి వల్ల భూమికి ఏమైంది, బోర్లకు ఏమైంది అని చాలామంది మాట్లాడారు. గొడ్డుకు ఏమైంది అని మాట్లాడినవాళ్లు తక్కువ. ఈరోజు ఆ సంగతి చెప్పుకుందాం.

దానికి అమ్రాబాద్ కంటే మంచి చోటు లేదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద మన్ననూరు వస్తుంది. అక్కడ పక్కకు తిరిగితే అమ్రాబాద్, పదర. నల్లమల మీద పరుచుకున్న ఎత్తు నేల. రాయి ఎక్కువ, మట్టి తక్కువ. చెంచు పెంటలు, లంబాడీ తండాలు, గొల్లల మందలు. చుట్టూ పులుల అభయారణ్యం. ఈ నేల మీద ఒక ఆవు జాతి తయారైంది. దాన్నే పొడ తూర్పు అంటారు.

పొడ అంటే మచ్చ. తెల్లని ఒంటి మీద ఎర్రటి, గోధుమ రంగు మచ్చలుంటాయి. తూర్పు అని ఎందుకన్నారంటే, కొనేవాళ్లు పడమటి వైపు నుంచి వచ్చే రైతులు. వాళ్లకు ఇది తూర్పు దిక్కు నుంచి వచ్చే ఎద్దు. అంటే ఈ జాతికి పేరు పెట్టింది పెంచినవాళ్లు కాదు, కొన్నవాళ్లు. నాకు ఈ ముచ్చట భలే నచ్చుతుంది. బ్రాండింగ్ అని ఇప్పుడు మనం చెప్పుకునేది ఎడ్ల సంతలో ఎప్పుడో జరిగిపోయింది.

ఈ ఎద్దు బరువుగా ఉండదు. కానీ రాళ్ల మీద నడుస్తుంది, ఎండకు ఓర్చుకుంటుంది, ఉన్న మేతతో సర్దుకుంటుంది. ఆవు పాలు పెద్దగా ఇవ్వదు. ఇచ్చేవి కూడా కాపరులు ఎక్కువ పిండుకోరు, దూడకే వదిలేస్తారు. ఎందుకంటే వాళ్ల ఆదాయం పాలల్లో లేదు, కోడెదూడలో ఉంది. దూడ బాగా పెరిగితే దీపావళి తర్వాత కురుమూర్తి జాతరలో జతకు మంచి ధర వస్తుంది. అదే వాళ్ల ఏడాది జీతం అనుకోండి.

కర్నాల్‌లో జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఉంది. దేశంలో ఏ పశువు ఏ జాతి అని గుర్తించి రిజిస్టర్ చేసేది వాళ్లే. పొడ తూర్పును వాళ్లు ప్రత్యేక జాతిగా నమోదు చేశారు. తెలంగాణ నుంచి ఆ జాబితాలోకి వెళ్లిన మొదటి ఆవు జాతి ఇదే. దీని వెనక అమ్రాబాద్ పొడలక్ష్మి గోవు సంఘం అని కాపరుల సంఘం ఉంది, వాళ్లతో పనిచేసిన వాసన్ అనే సంస్థ ఉంది. ఈ వాసన్ పేరు గుర్తుపెట్టుకోండి. ఆ సంస్థ పూర్తి పేరులోనే వాటర్‌షెడ్ అన్న మాట ఉంది. అంటే నీళ్లు, మట్టి పని చేయడానికి పుట్టిన సంస్థ, నడుస్తూ నడుస్తూ ఆవు దగ్గరికి వచ్చింది. ఆ రెండూ వేరు కాదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

సరే, ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం.

మహబూబ్‌నగర్ మొదటి నుంచీ కరువు ప్రాంత అభివృద్ధి పథకం కింద ఉన్న జిల్లా. 1973-74లో మొదలైన ఆ పథకం ఎందుకు ఆశించిన ఫలితం ఇవ్వట్లేదో చూడమని 1990లలో కేంద్రం ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు సీహెచ్ హనుమంతరావు గారు, మన కరీంనగర్ వైపు నుంచి వెళ్లిన ఆర్థికవేత్త. 1994లో రిపోర్టు వచ్చింది, 1995 ఏప్రిల్ 1 నుంచి కొత్త గైడ్‌లైన్స్ అమలయ్యాయి. ఊరిని ఒక యూనిట్‌గా తీసుకోవాలి, సుమారు 500 హెక్టార్లు, అంటే 1,235 ఎకరాలు. హెక్టారుకు 4,000 రూపాయలు, మొత్తం 20 లక్షలు. ఊరి కమిటీయే పని చేయించాలి. ఆ రోజుల్లో ఇది పెద్ద మార్పు. కాంట్రాక్టర్‌ను పక్కనబెట్టి ఊరి చేతికి డబ్బు ఇవ్వడం.

కానీ ఒక చిన్న కిటుకు చూడండి. లెక్క హెక్టారుకు. డబ్బు హెక్టారు వెంట నడుస్తుంది. హెక్టారు ఎవరి పేరు మీద ఉందో మేలు ఎక్కువగా వాళ్ల వైపే పోతుంది. యూజర్ గ్రూపులు అన్నారు, వాటిల్లో ఎక్కువ ఎవరు? పొలం ఉన్నవాళ్లు. యాభై ఆవులు ఉండి రెండెకరాల చెల్క ఉన్న తండా మనిషి ఈ లెక్కలో రెండెకరాల మనిషి. 80 గొర్లు ఉండి భూమి లేని కాపరి ఈ లెక్కలో సున్నా.

సున్నా అయితే పర్వాలేదు. చాలాచోట్ల ఆయన మైనస్ అయ్యాడు. ఎట్లాగంటారా?

గుట్ట మీద, గైరాన్ భూమిలో ముందు కందకాలు తవ్వుతారు. వాన నీళ్లు అక్కడ ఆగి భూమిలోకి ఇంకాలి, మంచిదే. తర్వాత మొక్కలు నాటుతారు. మొక్క బతకాలంటే గొడ్డు రావద్దు. కాబట్టి మేత బంద్. మహారాష్ట్రలో రాలేగావ్ సిద్ధి, హివరే బజార్ ఊళ్ల గురించి వినే ఉంటారు. అక్కడ విచ్చలవిడి మేపు ఆపేశారు, పచ్చబడ్డాయి. ఆ వీడియోలు చూపించి మన దగ్గర కూడా అదే రూలు పెట్టారు. మూడేళ్లు, ఐదేళ్లు గుట్ట వైపు చూడొద్దు. మరి ఆ మూడేళ్లు ఆ మందకు మేత ఎక్కడిది? దానికి డీపీఆర్‌లో, అంటే పథకం రిపోర్టులో, ఒక్క పేజీ కూడా ఉండదు.

ఇంకో సంగతి చెప్తే నవ్వొస్తుంది. గొడ్డు తినేస్తుందని భయపడి గొడ్డు ముట్టని మొక్కలు నాటారు. కానుగ, అడవి ఆముదం, నీలగిరి. 2000 తర్వాత బయోడీజిల్ పేరుతో ఈ కానుగ, అడవి ఆముదం హడావిడి ఎంత నడిచిందో మీ నాయనను అడగండి. అంటే గొర్లు మేసే గుట్టను గొర్లు తినని గుట్టగా మార్చి, దాన్ని పచ్చదనం అన్నాం. ఫోటోలో రెండూ పచ్చగానే ఉంటాయి.

ఇక కింద పొలాల్లో ఏమైంది? చెక్‌డ్యాముల వల్ల భూమిలో నీళ్లు కాస్త పెరిగాయి. నీళ్లు కనిపించగానే బోర్లు దిగాయి. జొన్న పోయి పత్తి వచ్చింది, బోరు కింద వరి వచ్చింది. జొన్న అంటే గింజ మనిషికి, చొప్ప గొడ్డుకు. పత్తి కట్టె గొడ్డుకు పనికిరాదు. ఏరడం అయిపోయాక గొర్లు ఆకు గీరుకుంటాయి, అంతే. తప్పంతా వాటర్‌షెడ్‌ది అని నేను అనను. ధర, విత్తనం, కూలీల కొరత, చాలా ఉన్నాయి. కానీ నీళ్లు పెంచిన పథకం చొప్ప తగ్గిందా అని ఒక్కసారి కూడా కొలవలేదు, నా అభ్యంతరం అది.

ఇప్పుడు మీరు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి, ఒక లెక్క చేద్దాం. 250 కిలోల ఆవుకు రోజుకు ఎండు లెక్కన సుమారు 6 కిలోల మేత కావాలి. తండాలో 300 పశువులు అనుకుందాం. రోజుకు 1,800 కిలోలు. ఎండకాలం 120 రోజులకు 216 టన్నులు. నీళ్లు ఒక్కోదానికి తక్కువలో తక్కువ 30 లీటర్లు వేసుకున్నా రోజుకు 9,000 లీటర్లు, అంటే రెండు ట్యాంకర్లు. ఇది పెద్ద సైన్స్ కాదు, ఐదో తరగతి గుణకారం. ఏ చెల్కలో ఎన్ని మీటర్ల కట్ట వేయాలో సెంటీమీటర్లతో లెక్క వేసే రిపోర్టులో ఈ రెండు అంకెలు ఎందుకు ఉండవు?

ఉండకపోతే ఏమవుతుందంటే, మంద అడవి వైపు తిరుగుతుంది. అమ్రాబాద్‌లో అడవి అంటే మామూలు అడవి కాదు. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న టైగర్ రిజర్వ్. పొలాల్లో పంట ఉన్నంతకాలం గొడ్లకు ఊళ్లో చోటు ఉండదు, అడవి అంచుకు తోలాలి. కోతలయ్యాక పొలాల్లోకి తెచ్చుకోవచ్చు. ఎండలు ముదిరితే నీళ్లున్న దిక్కుకు పోవాలి. ఈ తిరుగుడు తాతల నాటిది. ఇప్పుడు అటవీశాఖ వద్దంటుంది. వాళ్ల భయం కూడా ఉత్తదేం కాదు. మంద వెళ్తే జింకలకు, కణుజులకు మేత తగ్గుతుంది, జబ్బులు అంటుకుంటాయి, పులి ఆవును కొడితే గొడవ మొదలవుతుంది. గుట్ట మూసి, అడవి మూసి, పొలంలో పత్తి పెట్టి, ఆవు జాతికి సర్టిఫికెట్ ఇస్తే ఆ సర్టిఫికెట్‌ను ఆవు తింటుందా?

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి, ఎందుకంటే దీని గురించి ఊళ్లో ఎవరూ చెప్పరు. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(డి) ఉంది. ఒకచోట ఉండి మేపుకునేవాళ్లకే కాదు, తిరుగుతూ మేపుకునే పశుకాపరులకు కూడా మేత మీద హక్కు అడిగే వీలు ఇచ్చింది. లంబాడీలు మన దగ్గర ఎస్టీలు కాబట్టి వాళ్లకు దారి కొంచెం సులువు. గొల్లలు మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపించాలి. మనవాళ్లు ఈ చట్టం కింద పోడు పట్టాకే దరఖాస్తు పెడతారు. సామూహిక మేత హక్కుకు పెట్టేవాళ్లు అరుదు. వన్యప్రాణి చట్టంలో సెక్షన్ 33ఏ ప్రకారం అభయారణ్యం లోపల, దాని చుట్టూ 5 కిలోమీటర్ల వరకు ఉన్న పశువులకు అంటురోగాల టీకాలు వేయించే బాధ్యత చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. అమ్రాబాద్ వైపు ఎన్ని తండాలు ఈ 5 కిలోమీటర్లలోకి వస్తాయో మ్యాప్ తెరిచి చూడండి. టీకా పడితే ఇటు ఆవు బతుకుతుంది, అటు అడవి జంతువు బతుకుతుంది. వాటర్‌షెడ్ టీమ్, పశుసంవర్ధక శాఖ, అటవీశాఖ ముగ్గురూ కలిసి చేయాల్సిన పని ఇది.

మరి ఎవరూ ప్రయత్నం చేయలేదా అంటే, చేశారు. ఉమ్మడి రాష్ట్రంలో బ్రిటన్ ప్రభుత్వ డీఎఫ్‌ఐడీ డబ్బుతో గ్రామీణ జీవనోపాధుల పథకం నడిచింది, ఏపీఆర్‌ఎల్‌పీ అనేవారు. 1999లో మొదలైంది. అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఈ ఐదు జిల్లాలు. దానికి 'వాటర్‌షెడ్ ప్లస్' అని పేరు. కట్టలతో ఆగొద్దు, భూమి లేనివాళ్ల బతుకు కూడా చూడాలి అని. మహిళా సంఘాల ద్వారా గొర్లకు, బర్రెలకు, కోళ్లకు అప్పులు ఇచ్చారు. ఆ ఆలోచన తర్వాత దేశమంతటికీ పాకింది. 2008 కామన్ గైడ్‌లైన్స్, వాటిని 2011లో సవరించాక వంద రూపాయల్లో 56 పనులకు, 9 ఆస్తి లేనివాళ్ల జీవనోపాధికి, 10 ఉత్పత్తి, చిన్న వ్యాపారాలకు అని పెట్టారు.

కానీ ఇక్కడ పశువు అంటే కొనిచ్చే వస్తువు అయిపోయింది. లోన్ ఇచ్చాం, బర్రె కొన్నారు, ఫోటో తీశాం. ఉన్న మందలకు మేత, నీళ్లు, టీకా, తిరిగే దారి అన్నవి పక్కకు పోయాయి. 2017లో వచ్చిన గొర్ల పంపిణీ కూడా ఇదే తీరు. 20 గొర్లు, ఒక పొట్టేలు, యూనిట్‌కు లక్షా 25 వేలు, 75 శాతం సబ్సిడీ. 2019 లెక్కల్లో గొర్లలో తెలంగాణ దేశంలో మొదటి స్థానం. గొర్రెకు డబ్బు దొరికింది, గడ్డికి దొరకలేదు. గొర్రె లారీలో వస్తుంది, గడ్డి లారీలో రాదు కదా.

హర్యానాలో సుఖోమాజ్రి అని ఒక ఊరు ఉంది, చండీగఢ్ దగ్గర. 1970లలో అక్కడ గుట్టల మట్టి కొట్టుకొచ్చి సుఖ్నా చెరువు పూడిపోతోంది. పీఆర్ మిశ్రా అనే మట్టి శాస్త్రవేత్త వెళ్లి చిన్న ఆనకట్టలు కట్టించారు. గుట్ట మీద మేపొద్దు అన్నారు, జనం ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారు? ఆగిన నీళ్లలో భూమి లేనివాళ్లకు కూడా వాటా ఇచ్చారు. గుట్ట గడ్డి కోసుకునే హక్కు ఊరికి వచ్చింది. మేకలు తగ్గి, ఇంటి దగ్గర కట్టేసి మేపే బర్రెలు పెరిగాయి. మేత బంద్ అన్న రూలు అందరూ కాపీ కొట్టారు. నీళ్లలో వాటా అన్న రూలు మాత్రం దాదాపు ఎవరూ కొట్టలేదు.

అయితే అమ్రాబాద్‌కు సుఖోమాజ్రి కూడా అచ్చంగా సరిపోదు. అక్కడ మేక పోయి బర్రె వచ్చింది. ఇక్కడ పొడ తూర్పును కట్టేసి మేపితే అది పొడ తూర్పుగా మిగలదు. నడకే దాని బలం, ఆ కాళ్లు, ఆ ఓర్పు అందులోంచే వచ్చాయి. కాబట్టి ఇక్కడ మేత బంద్ కాకుండా మేత వంతు కావాలి. గుట్టను మూడు, నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క మూసి, మిగతావి తెరిచి, ఏడాది ఏడాదికి మార్చడం. ఏ ముక్క ఎప్పుడు మూయాలో మంద తోలేవాడికి తెలిసినట్టు ఇంజినీరుకు తెలియదు. వాన మొదట్లో మొలిచిన గడ్డి విత్తనం పడేదాకా ఆగాలి, అంతే సూత్రం.

ఖర్చు తక్కువ పనులు ఇంకా ఉన్నాయి. కట్టల మీద, కందకాల గట్ల మీద స్టైలో విత్తనం చల్లొచ్చు. పప్పుజాతి గడ్డి, ఎర్ర చెల్కల్లో బాగా వస్తుంది. విత్తనం తోలు గట్టిగా ఉంటుంది కాబట్టి 80 డిగ్రీల వేడి నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆరబెట్టి, తొలకరికి చల్లాలి. మొదటి ఏడు విత్తనం రాలేదాకా మేపకపోతే తర్వాత అదే మొలుస్తుంది. మంద పోయే దారిలో, కందకాల మధ్య ఖాళీ వదలాలి. కందకం గుట్ట చుట్టూ తెంపు లేకుండా తవ్వితే గొర్లు దాటలేవు, పిల్లలు పడి కాళ్లు విరుగుతాయి.

నీళ్ల తొట్టి గురించి ఒక మాట. ఉపాధి హామీలో కట్టిన సిమెంటు తొట్లు రోడ్డు పక్కన చాలా చూశాను. ఎక్కువ శాతం ఎండిపోయి ఉంటాయి, కొన్నింట్లో బట్టలు ఉతుకుతారు. ఎందుకంటే వాటిని నింపేవాడు లేడు. తొట్టి మంద తిరిగే దారిలో ఉండాలి, పక్కన నీళ్ల వసతి ఉండాలి, నింపే మనిషికి నెలకు ఇంత అని ఉండాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ దండగ.

టీకాలు కూడా అంతే. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే పడాలి. గాలికుంటుకు కేంద్ర పథకం 2019 నుంచి ఉంది, టీకా ఉచితం, చెవికి 12 అంకెల ట్యాగ్ వేస్తారు. కానీ డాక్టర్ వచ్చిన రోజు మంద అడవి అంచున ఉంటే రిజిస్టర్‌లో ఖాళీయే మిగులుతుంది. డాక్టర్ ఎప్పుడు వస్తాడో కాపరికి, మంద ఎక్కడుందో డాక్టర్‌కు తెలియాలి. వాట్సాప్ గ్రూప్ పెట్టడం మీకు ఎంత పని?

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ట్రాక్టర్ వచ్చింది, ఎద్దు ఎవరు కొంటారు? నిజమే, గిరాకీ తగ్గింది. కాపరి కొడుకు హైదరాబాద్‌లో డెలివరీ బండి నడుపుతున్నాడు, వెనక్కి వచ్చి మంద తోలమని నేను అతనికి చెప్పను. కానీ ఒకటి చూడండి. చిన్న చెల్క, రాళ్ల నేల, ఏటవాలు, ఇక్కడ ఎద్దుకు ఇంకా పని ఉంది. మంద ఎరువుకు గిరాకీ పెరుగుతోంది. పొలంలో రాత్రి మంద పెట్టించుకుంటే రైతు డబ్బో గింజలో ఇస్తాడు, అది పాత ఒప్పందమే. వాటర్‌షెడ్ డబ్బుతో ట్యాంకు మట్టి తోలించడానికి లెక్క ఉంటుంది. మంద పెట్టించడానికి ఎందుకు ఉండకూడదు? రైతుకు ఎరువు, కాపరికి ఎండకాలం కూలి, రెండూ ఒకే బిల్లులో. నా దృష్టిలో పొడ తూర్పు మిగలాలంటే ఇట్లాంటి ఆదాయాలు నాలుగు కావాలి. పోస్టర్‌తో, అవార్డుతో మిగలదు.

2021 నుంచి వాటర్‌షెడ్ కొత్త దశ వచ్చింది, హెక్టారుకు 22,000, గుట్ట ప్రాంతాలకు 28,000. మీ ఊరు అందులో ఉంటే గ్రామసభలో డీపీఆర్ చూపించమని అడగండి, అది మీ హక్కు. చూడగానే మొత్తం చదవక్కర్లేదు. ఊళ్లో ఎన్ని పశువులు, ఎండకాలం మేత ఎంత లోటు, మందలు ఏ దారిన పోతాయి, కమిటీలో కాపరి ఎవరు, అందులో ఆడవాళ్లు ఎంతమంది, ఇవి వెతకండి. కోళ్లు, మేకలు చూసేది చాలా ఇళ్లల్లో ఆడవాళ్లే, మీటింగ్‌లో కూర్చునేది మాత్రం మగవాళ్లు. మొదట్లో ఊరి నమ్మకం కోసం చేసే ఎంట్రీ పాయింట్ పని అని ఒకటి ఉంటుంది. అది తరచుగా కమ్యూనిటీ హాల్‌కో, వీధి లైట్లకో పోతుంది. ఈసారి మంద దారిలో నీళ్లకు పెట్టమని తీర్మానం రాయించండి. తీర్మానం ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి.

డీపీఆర్‌లో పశువుల పేజీ దొరికితే దాని ఫోటో మాకు పంపండి, లేకపోతే లేదని రాయండి. కామెంట్లలో ఊరు, మండలం పేరు పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో సామూహిక మేత హక్కు దరఖాస్తు ఎలా నింపాలో ఒక్కో కాలమ్ చూపిస్తాం.